పోడు నిప్పు



వేసవి వచ్చినదనగా మా కొత్తగూడెము చుట్టుపట్ల గుట్టలమీద పొగ లేచును. దానిని చూచి ఒకడు "అడవి తగులబడుచున్నది" అనును. వేఱొకడు "చేను సిద్ధమగుచున్నది" అనును. ఈ తగవు 150 ఏండ్లకు పైబడినది.

కోయలును కొండరెడ్లును పోడు కొట్టు విధము మీలో పలువు రెఱిగినదే. చలికాలమున చెట్టుచేమలు నఱికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు నిప్పు పెట్టుదురు. బూడిదయే ఎరువు. నాగలి లేదు, కఱ్ఱమొనతో గుంటలు చేసి జొన్న, సామ, కంది వేయుదురు. రెండు మూడేండ్లకు ఆ నేల విడువగా అచట మరల అడవి పెరుగును. నేను చూచినంతలో గాలి అణగిన వేళ, చేను చుట్టును ఆకు ఊడ్చినగాని ఎవ్వరును నిప్పు ముట్టింపలేదు.

ఆంగ్లేయ దొరతనమువారికి రైలుదారులకై దూలములు కావలసివచ్చెను. 1864లో అరణ్యశాఖయు, 1865లో మొదటి అరణ్యశాసనమును వెలసినవి. చెన్నపురి రాజధానికి 1882లో వేఱు శాసనము పుట్టెను. అందు రిజర్వు అడవికి నిప్పు పెట్టుటయే గాక, అడవికి అపాయము కలుగునట్లు నిప్పు ఆర్పక విడిచిపోవుటయు నేరము. 1874 మొదలు భద్రాచలము గోదావరి జిల్లాలోనిది గనుక, గోదావరికి ఆ గట్టున చెన్నపురి దొరతనము, ఈ గట్టున నైజాము. నైజాములో 1355 ఫసలీనాటి అరణ్యశాసన ముండెను. 1967లో ఈ రెంటిని త్రోసి ఒకే చట్టము వచ్చినది. నిప్పునుగూర్చిన నిషేధము మాత్రము నిలిచినది. 1922–24 మన్యపు పితూరీకి పోడుమీది ఆంక్షలు ఒక కారణమని మీరు వినియే యుందురు.

వింత యేమనగా, అరణ్యశాఖవారును మంటలు వ్యాపింపకుండ ఫైరులైన్ల వెంట ఆకును తామే తగులబెట్టుదురు! అయినను తప్పంతయు చట్టముదే అనజాలను. ఇప్పపూవు ఏరుటకై చెట్టు క్రింద అంటించిన నిప్పు గుట్ట నెక్కి, లేత మొలకలను మాడ్చుట కన్నులార చూచితిని.

నా శిష్యుని తండ్రి యొకడు పోడు నిప్పునకై జరిమానా చెల్లించెను. ఆ యేడు పిల్లవాని చదువు ఆగినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగులోనున్న గిరిజనుల భూమికి హక్కు నిచ్చుచున్నది. ఆ శిష్యునికిని పట్టా వచ్చెను. మొన్న వేసవిలో అతడు నా యింటికి వచ్చి, చేనిలోని తుక్కు కాల్చవచ్చునా యని యడిగెను. "పట్టా నేలకే గాని గట్టు దాటిన నిప్పునకు గాదు. ముందుగా అడవి గార్డుకు చెప్పుము. చుట్టును ఊడ్చి, బూడిద చల్లారువఱకు అచటనే యుండుము" అంటిని.

అతడు నవ్వి, "మా అయ్య గట్లనే చేసేటోడు సారూ, గార్డుకు చెప్పుడొక్కటే కొత్త" అనెను.