హెరాల్డ్ కింద పట్టేసిన బోల్టు

స్టాండర్డ్ హెరాల్డ్ బుష్‌లు కావాలంటే నేను ఇప్పటికీ ముందు బెంగళూరు జె.సి. రోడ్డులోనే అడుగుతాను. మద్రాసులో 1961లో తయారీ మొదలైన ఈ కారు, బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన రూపం. దాన్ని గీసినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. అంబాసిడర్, ఫియట్ వద్దనుకున్నవాళ్లకు ఆనాడు అదే దారి. దిగుమతులు కట్టడిలో ఉన్న ఆ కాలంలో అరిగిన భాగాన్ని పారేయకుండా లేత్ మీద తిరిగి చేయడం మన మెకానిక్‌ల విద్య అయింది. ఆ విద్యంటే నాకు అపారమైన గౌరవం.

ముందు చక్రాల దగ్గర నిలువు ఉక్కు లింకు అడుగున మరలు ట్రనియన్ అనే ఇత్తడి కీలులో తిరుగుతాయి. దానికి పట్టించాల్సింది గేర్ ఆయిల్. చాలామంది గ్రీజు కొట్టారు. గ్రీజు మరల దాకా సరిగా చేరదు, నీరు చేరుతుంది. తుప్పు ముదిరితే ఆ లింకే విరుగుతుంది, చక్రం ఒరిగిపోతుంది.

వెనక ట్రనియన్ బోల్టు మరీ మొండిది. లోపలి ఉక్కు గొట్టంతో ఏకమైపోతుంది. రాత్రంతా నూనెలో నానబెట్టినా కదలకపోతే సుత్తి పట్టవద్దు. రెండు పక్కలా రంపంతో కోసెయ్యాలి. బోల్టు కొత్తది దొరుకుతుంది, లింకు దొరకదు.

బ్రేకు గొట్టాల విషయంలో మాత్రం నేను రాజీపడను. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, ఉక్కు గొట్టాన్ని లోపల్నుంచే తినేస్తుంది. నాటి హెరాల్డ్‌లో సర్క్యూట్ ఒక్కటే. ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. అందుకే అతుకులు వేయించను. రాగి, నికెల్ కలిసిన కొత్త గొట్టం వంచి, చివర్లు ఫ్లేర్ చేసి బిగించి, దూరపు వెనక చక్రం నుంచి గాలి తీయిస్తాను.