శోళవరం నీళ్ళు, చిల్లగింజ

మద్రాసుకు నీళ్ళిచ్చే శోళవరం చెరువు చరిత్ర అనగానే అందరూ ఇంజినీర్ల పేర్లే చెబుతారు. కుశస్థలి ఏటికి తామరపాక్కం దగ్గర ఆనకట్ట కట్టి, ఆ నీళ్ళను శోళవరానికి, అక్కణ్ణుంచి పుళల్ చెరువుకు మళ్ళించే పథకం 1866లో ఫ్రేజర్ అనే ఇంజినీరు వేశాడు. 1872లో మట్టి కాలవ గుండా నీళ్ళు మద్రాసులోని కీల్పాక్కం చేరాయి. వడపోత మాత్రం లేదు. ఇంజినీరు మేడ్లీ హయాంలో 1914కి గానీ ఇసుక వడపోత తొట్లు రాలేదు. అంటే 42 ఏళ్ళు మద్రాసు కుళాయిల్లో వచ్చింది చెరువు నీళ్ళే, బురదతో సహా.

నాకు ఆ పేర్ల కన్నా ఒక గింజ మీదే మక్కువ. చిల్లగింజ. మా పక్కింటి తమిళులు తేత్తాంగొట్టై అంటారు. సుశ్రుత సంహితలో నీటిని తేర్చే వాటి వరసలో కతకమన్న పేరుతో కనబడుతుంది. మా అవ్వ దాన్ని తడిపి మట్టికడవ లోపలి అంచుకు అరగదీసి, కార్తీకం వానల్లో తెచ్చిన ఎర్రనీళ్ళు పోసేది. "కదపొద్దురా, తేరుకోనీ" అనేది. తెల్లారేసరికి అడుగున మడ్డి, పైన తేట.

బడిలో హైడ్రోజన్ బంధం పాఠానికి నేను చెప్పిన ఉదాహరణ ఇదే. బంకమట్టి రేణువులు మరీ సన్నం. వాటి మీద ఋణావేశం ఉంటుంది గనక ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, దిగవు. గింజలో గాలక్టోమన్నాన్ లాంటి పొడవాటి చక్కెర గొలుసులున్నాయి, వాటి నిండా హైడ్రాక్సిల్ సమూహాలు. ఒక్కో హైడ్రాక్సిల్ మట్టిరేణువు మీది ఆక్సిజన్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది. ఒక్క బంధం బలం ఏపాటిది? మామూలు రసాయన బంధంలో పదో వంతు ఉంటే గొప్ప. కానీ ఒక్క గొలుసుకే అలాంటివి ఎన్నో. గొలుసు ఒక కొస ఈ రేణువును, ఇంకో కొస ఆ రేణువును పట్టుకున్నాయంటే ముద్దకట్టి బరువెక్కి దిగిపోతాయి. ముద్ద కట్టాక గట్టిగా కలియబెడితే మళ్ళీ విడిపోతాయి. అవ్వ కదపొద్దన్నది అందుకే. గింజ ఎక్కువ అరగదీసినా చెడ్డే. ప్రతి రేణువునూ గొలుసులు పూర్తిగా కప్పేస్తే పక్కదానికి పట్టు చిక్కదు.

నీళ్ళు తేర్చడానికే వాడే పటిక దారి వేరు. అందులోని అల్యూమినియం రేణువుల ఆవేశాన్ని చల్లారుస్తుంది, తానే జిగురు ముద్దలై మడ్డిని వెంటేసుకుని దిగుతుంది.

మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. తేటనీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. కలరా క్రిమికి చిల్లగింజ మందు కాదు. కాచుకోవాలి, లేదా క్లోరిన్ కలపాలి. ఇసుక తొట్ల పైన పేరుకునే జిగట పొరలోని సూక్ష్మజీవులు అలాంటి క్రిముల్లో చాలా వాటిని పట్టేస్తాయి. ఆ మేరకు మేడ్లీకి దండం పెట్టాల్సిందే.

1996లో కృష్ణా నీళ్ళు కండలేరు మీదుగా మద్రాసుకు నీళ్ళిచ్చే పూండి జలాశయానికి వచ్చాయి. శ్రీశైలం, సోమశిల, కండలేరుల్లో నిలిచి నిలిచి వచ్చే నీళ్ళు గనక ఒండ్రు చాలావరకు దారిలోనే దిగిపోతుంది. మా వీధిలో ఇప్పుడు అందరూ క్యాన్ నీళ్ళే కొంటున్నారు. చిల్లగింజ కావాలంటే సిద్ధవైద్యం మందుల అంగడికి పోవాలి. అక్కడ దాన్ని లేహ్యానికి అమ్ముతారు.