బాకీదారుకు చెర తప్పిన కథ

13వ శతాబ్దం చివర్లో మన తీరం మీదుగా వెళ్ళిన మార్కో పోలో మోటుపల్లి వజ్రాల గురించి రాసిన సంగతి చాలామందికి తెలుసు. తమిళ తీరంలోని మాబార్ రాజ్యంలో బాకీలు ఎలా వసూలు చేసేవారో కూడా ఆయన రాశాడు. ఎన్నిసార్లు అడిగినా బాకీదారు రేపుమాపంటూ తిప్పుతుంటే, అప్పులవాడు అదను చూసి అతని చుట్టూ నేల మీద గిరి గీసేవాడట. బాకీ తీర్చేదాకా, లేదా హామీ ఇచ్చేదాకా బాకీదారు ఆ గిరి దాటకూడదు. దాటితే మరణశిక్షే. రాజు గుర్రం మీద వెళ్తుండగా ఒక విదేశీ వర్తకుడు ఆయన చుట్టూ కూడా గిరి గీశాడనీ, వర్తకుడి లెక్క తేలేదాకా రాజు అక్కడి నుంచి కదలలేదనీ మార్కో పోలో చెబుతాడు.

ఆ గిరి రాజుకూ పేదకూ ఒకటే. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళ పాలనలో వచ్చిన చట్టానికి ఆ పాటి సమానత్వం కూడా లేదు. 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డిక్రీ పొందినవాడు బాకీదారును రెండేళ్ళ దాకా సివిల్ జైల్లో పెట్టించవచ్చు. ఖైదీ తిండి ఖర్చుకు బత్తా కట్టాల్సింది అప్పు ఇచ్చినవాడే. కట్టడం మానేస్తే ఖైదీని వదిలేస్తారు. జైలుకెళ్ళి వచ్చినంత మాత్రాన బాకీ చెల్లిపోదు, అది అలాగే ఉంటుంది. మనిషిని జైల్లో కూర్చోబెట్టి, అతని సంపాదన ఆపి, అప్పు తీర్చమనడంలో న్యాయం సంగతి అటుంచి, కనీసం లెక్క అయినా కుదరదు. పలుకుబడి ఉన్నవాడికి ఆ జైలు రాదు. అది చూసేది చిన్న రైతు, చేతివృత్తివాడు, కూలీ.

ఈ అన్యాయం మీద రగిలిన కోపం 1875 మే 12న పుణె జిల్లా సూపా గ్రామంలో బద్దలైంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ధర ఆకాశానికెక్కి, యుద్ధం ముగిశాక కూలిపోయింది. శిస్తు మాత్రం పెరిగింది. అప్పు పత్రంలో ఏం రాసి ఉందో చదవలేని రైతు మీద, అతను హాజరుకాని కోర్టులో ఎక్స్‌పార్టీ డిక్రీలు పడుతూ వచ్చాయి. సూపాలో మొదలై అహ్మద్‌నగర్ జిల్లా ఊళ్ళకు పాకిన ఆ తిరుగుబాటులో జనం ప్రధానంగా వెతికింది అప్పు పత్రాలనూ డిక్రీ కాగితాలనూ. దొరికినవి దొరికినట్టు తగలబెట్టారు. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1879లో దక్కన్ వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. డబ్బు డిక్రీ కింద రైతును అరెస్టు చేయకూడదని మొదట రాసిన చట్టాల్లో అది ఒకటి. పత్రంలో ఉన్న అంకె చూసి ఊరుకోకుండా అప్పు పుట్టుపూర్వోత్తరాలు తవ్వే అధికారం కూడా అది కోర్టుకు ఇచ్చింది.

తర్వాతి మార్పులు నిదానంగా వచ్చాయి. 1888లో డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయడం ఆపారు. 1908 కోడ్‌లో ఆ రక్షణ 56వ సెక్షన్‌గా నేటికీ ఉంది. కార్మికుల స్థితిగతులు పరిశీలించిన విట్లీ కమిషన్ 1931లో, తక్కువ జీతగాళ్ళను అప్పుకు జైల్లో పెట్టడం ఆపాలని చెప్పింది. 1936లో కోడ్‌లోని 51వ సెక్షన్‌కు కీలకమైన షరతు చేరింది. బాకీదారు పారిపోబోతున్నాడనో, ఆస్తి దాచాడనో, తీర్చే స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడనో కోర్టు నమ్మి, కారణం కాగితం మీద రాస్తేనే జైలు. మన వైపు 1938లో, రాజాజీ ప్రధానిగా (నేటి మాటలో ముఖ్యమంత్రి), టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ సహాయ చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుకు అసలుకు రెట్టింపు ఇప్పటికే ముట్టి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్టే అని ఆ చట్టం తేల్చింది. వడ్డీ అసలును మించకూడదన్న మన పాత ధర్మశాస్త్ర నియమమే అది. బ్యాంకుల విషయంలో ఆ ధర్మం నిలవలేదు. బ్యాంకు వేసిన వడ్డీ ఎక్కువన్న కారణంతో కోర్టు ఆ లెక్క తిరగదోడకూడదని 1984లో బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టానికి 21ఎ సెక్షన్ చేర్చారు. ఆ సవరణ సామాన్యుడికి అన్యాయం చేసిందనే నా అభిప్రాయం.

ఇక 1980 ఫిబ్రవరి 4. బ్యాంకు బాకీదారులందరూ గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ. కేరళలో బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్‌కు ఇద్దరు వ్యక్తుల మీద సుమారు 2.5 లక్షల డిక్రీ ఉంది. మిగతా డిక్రీలు కలిపితే వాళ్ళ బాకీ 7 లక్షలు దాటింది. స్థిరాస్తులన్నీ అప్పటికే జప్తులో ఉన్నాయి. అయినా 1979 జూన్‌లో అరెస్టు వారెంటు వచ్చింది. హైకోర్టులో ఊరట దొరకక వాళ్ళు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్ ముందుకు కేసు వచ్చింది.

కృష్ణయ్యర్ రెండు దిక్కుల నుంచి ఆలోచించారు. ఒప్పందం ప్రకారం చెల్లించలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ నిర్బంధించరాదని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 11వ అధికరణం చెబుతోంది. మన దేశం 1979లోనే దానికి ఒప్పుకుంది. రెండోది మన రాజ్యాంగంలోని 21వ అధికరణం. ఈ రెండింటి వెలుగులో 51వ సెక్షన్‌ను చదివి, పేదరికం నేరం కాదని ఆయన తేల్చారు. ఒకప్పుడు డబ్బు ఉండేదన్న మాట చాలదు. ఇప్పుడు ఉందా? ఉంటే, వేరే అత్యవసరాలు ఏమీ లేకుండానే ఎగ్గొడుతున్నాడా? ఆ దురుద్దేశం రుజువు కావాలి. కింది కోర్టు ఉత్తర్వులు కొట్టేసి, బాకీదారుల ప్రస్తుత స్తోమత మళ్ళీ విచారించమని కేసు వెనక్కి పంపారు. అయిదేళ్ళకే, 1985లో, ఆ బ్యాంకు స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. తీర్పు మాత్రం నేటికీ మన కోర్టుల్లో డిక్రీ అమలు పిటిషన్ (ఇ.పి.) విచారణకు వచ్చినప్పుడు వినిపిస్తుంది.

కోర్టు దారి ఇలా ఇరుకయ్యాక వసూలు వీధిలోకి వచ్చింది. 2000 తర్వాత వాహన రుణాలు, క్రెడిట్ కార్డులు పెరిగేకొద్దీ బ్యాంకులు రికవరీ ఏజెంట్లను దింపాయి. కండబలంతో బాకీలు వసూలు చేయడం చట్టబద్ధ పాలనలో కుదరదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008 ఏప్రిల్‌లో ఏజెంట్ల మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చాయి.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గాయం ఇంకా లోతైనది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం కంతులకు అప్పులిచ్చి, ఒకామె కట్టకపోతే గ్రూపులోని మిగతా ఆడవాళ్ళనే ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టిన రోజులవి. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి మీదికి వెళ్ళి వసూలు చేయకూడదు, వడ్డీ అసలును దాటకూడదు అంది. బ్యాంకుల విషయంలో మూసుకున్న పాత ధర్మం అలా మరో తలుపులోంచి వచ్చింది. ఆ ఆర్డినెన్సు తర్వాత చట్టమైంది. రిజర్వు బ్యాంకు పరిధిలోని ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పడంతో ఆ కవచం పలచబడింది.

డిక్రీ అరెస్టు కోసం సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు కోర్టు అమీనా ఇంట్లో అడుగు పెట్టకూడదని 1908 కోడ్ రాసింది. అదే మర్యాదను 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఫోన్‌కు వర్తింపజేసింది. మీరిన వాయిదాల కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. బంధువులకూ స్నేహితులకూ చెప్పి పరువు తీయడం, బెదిరించడం నిషిద్ధం.

అయినా రోజూ ఎవరో ఒకరి ఫోన్‌లో అదే గొంతు: "రేపు పొద్దున పోలీసులొస్తారు, వారెంటు రెడీ అయింది." మామూలు వ్యక్తిగత రుణానికీ క్రెడిట్ కార్డు బాకీకీ అలా జరగదు. ముందు దావా వేయాలి, సమన్లు రావాలి, విచారణ జరిగి డిక్రీ రావాలి, ఆపైన ఇ.పి. వేయాలి. అప్పుడు కూడా కట్టుబట్టలు, వంటపాత్రలు, మంగళసూత్రం, పనివాడి పనిముట్లు, రైతు ఎడ్లు, నాగలి, విత్తనాలు జప్తు చేయకూడదు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. ఆ వెయ్యి ఏ కాలం నాటి వెయ్యో, పార్లమెంటు దాన్ని పెంచాల్సిన సమయం ఎప్పుడో దాటింది.

ప్రమాదం లేదని మాత్రం నేను అనను. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు దావా వేయకుండానే 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనానికి రాగలదు. ఆ నోటీసుకు తప్పకుండా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీన చర్య మొదలైతే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. ఇచ్చిన చెక్కు బౌన్సయితే మాత్రం అది క్రిమినల్ కేసు. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే కేసు ఉండదు.

సూపా రైతులను ముంచింది హాజరుకాని కోర్టులో పడ్డ డిక్రీలే. కాబట్టి కోర్టు నుంచి సమన్లు వస్తే తిప్పి పంపకండి. తీసుకోండి, వాయిదాకు వెళ్ళండి, మీ ఆదాయం, మీ ఇబ్బంది జడ్జికి చెప్పుకోండి, వాయిదాల్లో కడతామని అడగండి. వకీలుకు డబ్బు లేకపోతే ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దావాకు కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. ఫోన్‌లో బెదిరింపు వచ్చిన రోజే ఆ సంస్థ ఉచిత నంబరు 15100కు చేయండి.