యూరియా నుంచి సూక్ష్మపోషకాల వరకు: ఉత్తర తెలంగాణలో ఎరువుల చరిత్ర – టమాటా నాణ్యత

ఎరువుల చరిత్రను సాధారణంగా దిగుబడుల లెక్కతో చదువుతాం. పండు నాణ్యత వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరో రకంగా కనిపిస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల అనుభవం ఇందుకు తోడ్పడుతుంది.

రసాయన ఎరువులకు ముందు ఇక్కడి రైతులు పశువుల పెంట, చెరువు పూడికమట్టి వాడేవారు. చేలలో గొర్రెల మందలు నిలిపేవారు. వీటిలో నత్రజని తక్కువే అయినా, జింకు, బోరాన్ వంటి సూక్ష్మపోషకాలు కొద్దికొద్దిగా నేలకు చేరేవి. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కాలక్రమంలో కాలువ నీరు, అధిక దిగుబడి వంగడాలు వచ్చాయి. వాటితోపాటు నత్రజని అవసరమూ పెరిగింది.

ఈ అవసరానికి రామగుండం కేంద్రమైంది. బొగ్గు ఆధారంగా నిర్మించిన భారత ఎరువుల సంస్థ కర్మాగారం 1980లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడింది. 2021లో అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. దీని వార్షిక సామర్థ్యం 12.7 లక్షల టన్నుల యూరియా. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఇతర పోషకాలేవీ ఉండవు.

టమాటాకు ఈ తేడా ముఖ్యం. నత్రజని మితిమీరితే ఆకు, కొమ్మ బాగా పెరుగుతాయి గాని, కాయ మెత్తబడి నిల్వకు ఆగదు. ఎర్రని రంగు, గట్టిదనం, రుచి పొటాష్‌పై ఎక్కువగా ఆధారపడతాయి. కాయకు కాల్షియం అందకపోతే అడుగుభాగం నల్లబడి కుళ్ళుతుంది. బోరాన్ లోపిస్తే కాయలు పగులుతాయి. అయితే నీటి తడుల్లో హెచ్చుతగ్గులు కూడా ఈ రెండు సమస్యలకు కారణమవుతాయని గమనించాలి.

మరి రైతులు యూరియా వైపే ఎందుకు మొగ్గారు? ఇందుకు ధరల విధానం ఒక ప్రధాన కారణం. 1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తివేసింది, యూరియాపై కొనసాగించింది. దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకపు నిష్పత్తి 1991-92లో 5.9:2.4:1 ఉండగా, 1992-93లో 9.5:3.2:1 అయింది. 2010లో పోషకాల ఆధారిత రాయితీ వచ్చినప్పుడు కూడా యూరియాను దాని వెలుపలే ఉంచారు.

సూక్ష్మపోషకాల లోపం మాత్రం కొత్తగా తెలిసిన విషయం కాదు. వరిలో 'ఖైరా' తెగులుకు జింకు లోపమే కారణమని 1966లోనే పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె తేల్చారు. సున్నం ఎక్కువగా ఉండే నల్లరేగడి నేలల్లో జింకు ఉన్నా మొక్కకు సులభంగా అందదు. ఆదిలాబాద్‌లో నల్లరేగడి విస్తారంగా ఉంది. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు 12 అంశాలను పరీక్షిస్తుంది. వాటిలో జింకు, బోరాన్ ఉన్నాయి. టమాటాకు కీలకమైన కాల్షియం లేదు.

కాబట్టి చేలో ఏ ఎరువు పడాలన్నది మొక్క అవసరం ఒక్కటే నిర్ణయించలేదు. కర్మాగారం, ధర, రాయితీ కూడా నిర్ణయించాయి. ఈ నిర్ణయాలు దిగుబడిని పెంచాయి, దేశానికి తిండి పెట్టాయి. కాని ఎర్రగా, గట్టిగా ఉన్న టమాటాకే సంతలో మంచి ధర పలుకుతుంది. పొటాష్‌నూ సూక్ష్మపోషకాలనూ వెనక్కి నెట్టిన విధానాల నష్టం చివరికి గంప ఎత్తుకొచ్చిన రైతు మీదే పడుతుంది.