డొక్కలో మచ్చ

కాలవగట్టు మీద సైకిలు జోరుగా తొక్కుతున్నాడు పదేళ్ల కుర్రాడు. చక్రం గుంతలో పడింది. హ్యాండిల్ అడ్డం తిరిగి దాని కొస ఎడమ డొక్కలో పొడుచుకుంది. లేచి మట్టి దులుపుకుని ఇంటికొచ్చాడు. తిడతారని నోరు విప్పలేదు. రాత్రి బాత్రూములోంచి కేక: "అమ్మా, ఎర్రగా వస్తోంది!"

ఊరూ పేరూ రాయడం లేదు. పిల్లల సర్జన్ల దగ్గరికి తరచూ వచ్చే ఇలాంటి కేసుల తీరును బట్టి అల్లిన కథనమిది.

క్యాజువాలిటీలో చొక్కా ఎత్తి చూస్తే రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ. నాడి వేగంగా కొట్టుకుంటోంది. బీపీ మామూలుగానే ఉంది.

"బీపీ బాగానే ఉందంటున్నారు కదండీ, పొద్దున్నే తీసుకొస్తాం" అన్నాడు తండ్రి.

"వద్దండీ. పిల్లల్లో రక్తం చాలా పోయేదాకా బీపీ పడదు. పడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు."

ఒంటితో పోలిస్తే పిల్లల కిడ్నీలు పెద్దవి. చుట్టూ కొవ్వు తక్కువ, పక్కటెముకలు లేతవి, పొట్ట కండరాలకు ఇంకా బలం రాదు. దెబ్బ సూటిగా లోపలికి దిగుతుంది.

మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేశారు. కిడ్నీ చుట్టూ ద్రవం కనిపించింది. అది రక్తమా, మూత్రమా? చీలిక ఎంత లోతు? అల్ట్రాసౌండ్‌లో తేలలేదు. అసలు అందులో అంతా బాగున్నట్టు కనిపించినా గాయం లేదని ధీమాగా ఉండడానికి లేదు.

"సీటీ తీయాలి."

"చిన్నపిల్లాడికి అంత రేడియేషనా డాక్టరుగారూ?" తల్లి గొంతు వణికింది.

ఆ భయం న్యాయమైనదే. పిల్లల స్కానింగుల్లో డోసు తగ్గించాలని 2008లో అమెరికాలో 'ఇమేజ్ జెంట్లీ' ప్రచారం మొదలైంది కూడా ఇందుకే.

"బాబు బరువును బట్టి డోసు తగ్గిస్తామమ్మా. అవసరమైనంతే తీస్తాం."

చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించారు. మొదటి చిత్రాల్లో కిడ్నీ తెల్లగా వెలిగింది. మధ్యలో లోతుగా నల్లటి చీలిక, చుట్టూ పేరుకున్న రక్తం. టెక్నీషియన్ పిల్లాణ్ని బల్ల మీంచి దించబోయాడు.

"ఆగు" అన్నారు రేడియాలజిస్టు. మందు మూత్రంలోకి దిగాలంటే టైము పడుతుంది. పది నిమిషాలు గడిచాక మళ్లీ తీశారు. ఈసారి కిడ్నీ బయట తెల్లటి మరక. మూత్రం కారుతోంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

కిడ్నీ గాయాల తీవ్రతకున్న అయిదు గ్రేడుల్లో ఇది నాలుగోది. అయినా కత్తి పెట్టలేదు. పరిస్థితి నిలకడగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. మంచం మీద విశ్రాంతి, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్. కారడం ఆగకపోతే స్టెంటు వేస్తారు, వీడికి ఆ అవసరం రాలేదు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం, అప్పుడప్పుడూ బీపీ చూపించుకోమని గట్టిగా చెప్పారు. దెబ్బతిన్న కిడ్నీ వల్ల తర్వాతెప్పుడో బీపీ పెరగొచ్చు.

ఇంకొక్క మాట. కిడ్నీ దగ్గర మూత్రనాళం తెగిపోయినా ఒక్కోసారి మూత్రం తేటగానే వస్తుంది. కాబట్టి ఎరుపు కోసం ఎదురుచూడకండి. సైకిలు మీంచి పడ్డ పిల్లల డొక్కలో మచ్చ కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హ్యాండిల్ ఎక్కడ గుచ్చుకుందో డాక్టరుకు తప్పక చెప్పండి.