పక్షులు లేని అడవి

మన పల్లెలలో గుడి గోపురముమీద రావిమొక్క మొలచుట అందరమును చూచినదే. దానిని నాటినవారు లేరు, నీరు పోసినవారును లేరు. పండు తిన్న పక్షి యొకటి అచ్చట వాలి, రెట్టతోపాటు విత్తును విడిచిపోయెను. గోపురమున కది చేటు; అడవికి మాత్రము అదియే ఆయువుపట్టు. ఈ మాట ఎంత నిజమో తెలియవలెనన్న పసిఫిక్ మహాసముద్రమునందలి ఒక దీవి చరిత్ర వినవలెను.

ఆ దీవి పేరు గ్వామ్. మేరియానా దీవులలో అన్నిటికంటె పెద్దది. దక్షిణపు కొసన నున్నది. పొడవు సుమారు 50 కిలోమీటర్లు. చిరకాలము స్పెయిన్ ఏలుబడిలో నుండి, 1898లో అమెరికా వశమయ్యెను. 1941 డిసెంబరులో జపాను సేనలు దాని నాక్రమించెను. 1944లో అమెరికా సేనలు తిరిగి గెలుచుకొనెను. రాజుల చరిత్ర, యుద్ధముల చరిత్ర ఇంతటితో ముగియును. అడవి చరిత్ర ఇచ్చటనే మలుపు తిరిగినది.

యుద్ధానంతరము న్యూగినీకి ఉత్తరమున నున్న అడ్మిరాల్టీ దీవులనుండి సైనిక సామగ్రి ఓడలలో గ్వామ్‌కు చేరెను. ఆ సరకులలో నక్కి గోధుమవన్నె చెట్టుపాము వచ్చియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అంతకు మునుపు ఆ దీవిలో వానపామువంటి చిన్న గుడ్డిపాము తప్ప వేరు పాము లేదు. క్రొత్తగా వచ్చినది రాత్రివేళ చెట్లెక్కి వేటాడునది. అట్టి శత్రువు నెరుగని పక్షులు కొమ్మలపై నిశ్చింతగా నిద్రించుచుండెను.

1960 తరువాతి దశాబ్దమున దీవి దక్షిణభాగమున పక్షులు కానరాకపోయెను. 1980 దాటిన కొన్ని యేండ్లకే ఉత్తరభాగమునందును అదే గతి పట్టెను. దీవికి సహజములైన అడవిపక్షుల జాతులు 12. వానిలో 10 జాతులు అచ్చటి అడవులలో లేకుండ పోయెను. పురుగుమందుల వలన కాబోలునని కొందరు, తెగులు కాబోలునని కొందరు తలచిరి. జూలీ సావిడ్జ్ అను పరిశోధకురాలు పాము వ్యాపించిన క్రమమును, పక్షులు తరిగిన క్రమమును పోల్చిచూచెను. పక్షుల నెరగా నుంచిన బోనులను అడవులలో పెట్టెను. పక్షులు తరిగిన తావులలోనే పాముల బెడద మిక్కుటముగా కనబడెను. 1987లో ఆమె ప్రకటించిన వ్యాసముతో దోషి యెవరో తేలిపోయెను.

పక్షులు పోయినవి సరే, చెట్లు నిలిచియేయున్నవి గదా యని మనకు తోచవచ్చును. హాల్డ్రె రోజర్స్ మొదలగువారు పరిశీలించిన దీ విషయమునే. పొరుగుననున్న సైపాన్, టినియన్, రోటా దీవులలో ఆ పాము స్థిరపడలేదు; పక్షులు పండ్లు తినుచునేయున్నవి. కావున గ్వామ్‌ను వానితో పోల్చుటకు వీలు చిక్కెను. చెట్లక్రిందను, చెట్లకు ఎడముగను విత్తులు పట్టు సాధనము లమర్చి, రాలినవానిని లెక్కించిరి. గ్వామ్‌లో విత్తులు గుజ్జుతో సహా తల్లిచెట్టు క్రిందనే కుప్పపడుచుండెను. పక్షి కడుపున పడి గుజ్జు వీడిన విత్తు దూరమున పడి, చక్కగా మొలచుటకు వీలుండును. తల్లినీడన పడినదానికి ఆ భాగ్యము తక్కువ. 2017లో ప్రకటించిన ఫలితము ననుసరించి, రెండు వృక్షజాతులలో క్రొత్త మొలకలు నూటికి 61 మొదలు 92 వంతుల వరకు తగ్గినవి. ఆ రెంటిలో నొకటి మన ఆయుర్వేదమున దశమూలములలో చేరిన అగ్నిమంథ వృక్షమే.

వీరు ఋతుభేదమును సయితము గమనించిరి. పొరుగుదీవుల కంటె గ్వామ్ అడవులలో సాలెపురుగులు ఎండకాలమున రెట్టింపునకు కొంచె మెక్కువ; వానకాలమున 40 రెట్లు! ఒక్క ఋతువు చూచి తిరిగివచ్చినవారికి ఈ సంగతి పూర్తిగా తెలియకుండెడిది.

దీవివాసులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కోకో అను ఎగురలేని నేలపక్షిని అడవినుండి పట్టి తెచ్చి, సంరక్షణలో పెంచి, పాములు లేని రోటాలోను, 2010లో గ్వామ్ చెంతనున్న కోకోస్ అను చిరుదీవిలోను విడిచిరి. అడవినుండి అంతరించినదిగా లెక్కకెక్కిన ఆ జాతిని 2019లో ఆ పట్టికనుండి తొలగించిరి. కొండగొఱ్ఱెంకలను పోలిన మైక్రోనేషియా గోరువంకలు గ్వామ్‌లోని వైమానిక స్థావర ప్రాంతమున కొన్ని మిగిలి, నేటికిని పండ్లు తిని విత్తులు చల్లుచున్నవి.

మేము ఆకాశవాణి వారము. స్టూడియోలో నిశ్శబ్దమునకై గోడలకు మెత్తలు వేసి పాటుపడుదుము. ఆ నిశ్శబ్దము మాటకొఱకు, పాటకొఱకు. అడవిలో నిశ్శబ్దము అట్టిది కాదు. అచ్చట ఒక కంఠము మూగవోయినచో ఒక విత్తనము చేయి జారిపోయినట్లే. రేపు వేకువను మీ పెరటిలో గోరువంక కూసినప్పుడు, ఒక సేద్యగాడు పనికి బయలుదేరుచున్నాడని తలపోయుడు.