భావిసమాజ ఊహలు: ప్రకృతి సామరస్యం - శ్రమ ప్రశ్న (1890-1985)

వ్యాససంగ్రహం:
మనిషి ప్రకృతితో సామరస్యంగా జీవించే భావిసమాజాన్ని ఆధునిక సాహిత్యం పలుమార్లు ఊహించింది. విలియం మోరిస్, బేగం రొకియా, ఎర్నెస్ట్ కాలెన్‌బాక్, ఉర్సులా లె గ్విన్ చేసిన అటువంటి ఊహలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. సామరస్యాన్ని నిలబెట్టే రోజువారీ పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు అవి ఇచ్చిన సమాధానాలను చర్చించి, అదే ప్రశ్నను తెలుగునేల చెరువుల చరిత్రకు అన్వయిస్తుంది.

కీలకపదాలు: భావిసమాజం, పర్యావరణం, శ్రమ విభజన, చెరువు, నీరటి.

1. ఉపోద్ఘాతం

భవిష్యత్తును గురించిన ఊహ, అది పుట్టిన కాలానికి చారిత్రక ఆధారం. ఏ తరం ఏ నది దుర్వాసనను భరించలేకపోయిందో, ఏ పొగకు ఉక్కిరిబిక్కిరి అయిందో ఆ తరం ఊహించిన ఆదర్శసమాజాలు తెలియజేస్తాయి. ఐతే తేటనీటి నదిని, పచ్చని వీధిని వర్ణించడం సులభం. ఆ నదిని తేటగా ఉంచే బాధ్యత ఎవరిదో, అందుకు వారికి దక్కే గౌరవం ఎటువంటిదో చెప్పడం కష్టం. ఈ రచనల విలువను నిర్ణయించడానికి ఈ రెండవ అంశమే గీటురాయి.

2. మోరిస్ చూసిన థేమ్స్ నది

1858 వేసవిలో లండన్ మురుగు చేరిన థేమ్స్ నది కంపు పార్లమెంటు పనికే ఆటంకమైంది. చరిత్రకారులు ఆ ఘట్టాన్ని 'గ్రేట్ స్టింక్' అని వ్యవహరిస్తారు. మూడు దశాబ్దాల తరువాత, 1890లో, మోరిస్ 'కామన్‌వీల్' పత్రికలో 'న్యూస్ ఫ్రమ్ నోవేర్' నవలను ధారావాహికగా ప్రచురించాడు. అంతకు ముందు 1888లో అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ బెల్లమీ 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' నవలలో 2000 సంవత్సరం నాటి బోస్టన్ నగరాన్ని చిత్రించాడు. అందులో శ్రామికులు సైన్యంలాగా సంఘటితులై ఉంటారు. మోరిస్ నవల ఒక విధంగా ఆ ఊహకు ప్రత్యుత్తరం.

మోరిస్ కథకుడు భావికాలపు లండన్‌లో నిద్ర లేస్తాడు. నది ఒడ్డున సబ్బుల కర్మాగారం, దాని పొగగొట్టాలు కనిపించవు. నదిలో సాల్మన్ చేపలకు వలలు వేస్తుంటారు. పార్లమెంటు భవనం పెంట ఎరువు నిలవచేసే స్థలంగా మారింది. ఇందులో వ్యంగ్యంతో పాటు వ్యవసాయ దృష్టి కూడా ఉంది. నగరం నదిలోకి వదిలిన వ్యర్థం మళ్ళీ పొలానికి చేరాలన్నది ఆ దృష్టి. పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు మోరిస్ సమాధానం 'పనిలోని ఆనందం'. గడ్డికోత అక్కడ పండుగ. అయినప్పటికీ వచ్చినవారికి వడ్డించడం, ఇల్లు చక్కబెట్టడం ఆ సమాజంలో కూడా ప్రధానంగా స్త్రీల వంతే.

వాస్తవచరిత్రలో 1957 నాటికి లండన్ పరిధిలోని థేమ్స్ జీవం లేని నదిగా నిర్ధారణకు గురైంది. 1974లో అదే నదిలో సాల్మన్ చేప మళ్ళీ కనిపించింది. ఈ మార్పుకు కారణం మురుగుశుద్ధి కేంద్రాలు, కాలుష్య నియంత్రణ, వాటిని నడిపిన సిబ్బంది. మోరిస్ నవలలో చేపలున్నాయి గాని, ఈ సిబ్బందికి సమానమైన పాత్రలు లేవు.

3. రొకియా ఊహించిన స్త్రీదేశం

బేగం రొకియా 'సుల్తానాస్ డ్రీమ్' కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమహేంద్రవరంలో జన్మించారు. బెంగాల్ రచయిత్రి కథకు తొలి వేదిక ఆ విధంగా ఒక తెలుగింటి ఆడపడుచు చేతిలో ఉంది.

ఈ కథలోని స్త్రీదేశంలో రెండు మహిళా విశ్వవిద్యాలయాలు ఉంటాయి. ఒకటి మేఘాల నుంచి నేరుగా నీటిని సేకరించే బెలూన్‌ను, మరొకటి సూర్యతాపాన్ని నిలవచేసే సాధనాన్ని కనిపెడతాయి. వంటగదిలో పొగ ఉండదు. వీధులు తోటలలాగా ఉంటాయి. రోజుకు రెండు గంటల పనితో కార్యాలయాలు నడుస్తాయి. మోరిస్ దృష్టి నది మీద నిలిస్తే, రొకియా దృష్టి పొయ్యి మీద నిలిచింది. పర్యావరణ సమస్య ఇంటి పొగలో మొదలవుతుందని, దాన్ని ముందుగా అనుభవించేది స్త్రీ అని ఆమె గుర్తించారు.

ఐతే అక్కడ పురుషులు పరదాలో ఉండి వంట, పిల్లల పెంపకం చూస్తారు. ఉన్న అన్యాయాన్ని తలకిందులు చేసి చూపడం ఆమె వ్యంగ్యపద్ధతి. మరొక అంశం గమనించదగినది. వంటకు వాడే సూర్యతాపమే శత్రుసైన్యాన్ని తరమడానికి కూడా ఉపయోగపడుతుంది. శక్తి ప్రకృతిసిద్ధమైనంత మాత్రాన దాని వినియోగం శాంతియుతం కాదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

4. కాలిఫోర్నియా ఊహలు

1975లో వచ్చిన కాలెన్‌బాక్ 'ఎకోటోపియా'లో అమెరికా పశ్చిమతీరం ప్రత్యేకదేశంగా విడిపోతుంది. వారానికి ఇరవై గంటల పని, వ్యర్థాలను ఎరువుగా మార్చే విధానం అక్కడి నియమాలు. కానీ నల్లజాతీయులలో అధికభాగం వేరుగా తమ నగరంలో నివసిస్తారు. ప్రకృతితో కుదిరిన సామరస్యం మనుషుల మధ్య కుదరలేదు.

లె గ్విన్ 1985లో ప్రచురించిన 'ఆల్వేస్ కమింగ్ హోమ్' కథలు, పాటలు, వంటకాలు, పటాలు కలిసిన గ్రంథం. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1848 తరువాత బంగారు వేటలో ఛిన్నాభిన్నమైన కాలిఫోర్నియా ఆదివాసుల సంస్కృతులను ఆయన అధ్యయనం చేశారు. కుమార్తె అదే నేలమీద సుదూర భవిష్యత్తులో జీవించే 'కెష్' ప్రజలను సృష్టించారు. వారికి సంపద అంటే కూడబెట్టడం కాదు, ఇవ్వడం. పూర్వుల పరిశ్రమలు మిగిల్చిన విషం నేలలో ఉంటుంది, దాని ఫలితం పిల్లల దేహాలలో కనిపిస్తుంది. భవిష్యత్తు ఖాళీ పలక కాదన్న ఈ ఎరుక పై రచనల కంటే దీనిని భిన్నంగా నిలుపుతుంది.

5. తెలుగునేల చెరువు: గతం నుంచి ప్రశ్న

లె గ్విన్ నిజంగా జీవించిన సమాజాల నుంచి భవిష్యత్తును అల్లారు. అదే పద్ధతిలో మన గతాన్ని పరిశీలిస్తే ముందుగా కనిపించేది చెరువు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు ఏడెనిమిది శతాబ్దాల తరువాత నేటికీ నీరిస్తున్నాయి. చెరువుల నిర్మాణానికి, మరమ్మతులకు దశబంధ మాన్యాలు ఇచ్చిన సంగతి శాసనాల వల్ల తెలుస్తోంది. కట్ట, తూము, అలుగు కంటికి కనిపించే భాగాలు. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో చూసి తూము తెరిచే నీరటి ఈ వ్యవస్థకు ప్రాణం.

నీరటికి ప్రతిఫలం పంటలో వాటాగానో, మాన్యంగానో అందేది. చాలాచోట్ల ఈ పని దళిత కుటుంబాలది. ఆయకట్టు భూమి మాత్రం అధికంగా ఇతరులది. ఊరందరి పంట ఎవరి జ్ఞానం మీద ఆధారపడిందో వారు ఊరి వెలుపల నివసించారు. కాబట్టి చెరువును సామరస్యానికి నమూనాగా గ్రహించేటప్పుడు ఈ కులసంబంధాన్ని విస్మరించడం చరిత్రకు న్యాయం కాదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంతో 'మిషన్ కాకతీయ' ప్రారంభించింది. పూడిక తీయడానికి యంత్రం చాలు. కరువు ఏడాది మిగిలిన నీటిని అందరూ ఒప్పుకొనేటట్లు పంచడానికి యంత్రం చాలదు. అందుకు నీరటి అనుభవం కావాలి, అది కులవృత్తిగా కాక గౌరవప్రదమైన వేతనం గల ఉద్యోగంగా కావాలి.

6. ముగింపు

మోరిస్ పనిలోని ఆనందాన్ని, రొకియా స్త్రీల విజ్ఞానాన్ని, కాలెన్‌బాక్ నియమాలను, లె గ్విన్ ఇచ్చే గుణాన్ని సామరస్యానికి మూలంగా భావించారు. ఇవి పరస్పర పూరకాలు. వీటన్నింటిలో కొరవడిన అంశాన్ని తెలుగునేల చెరువు గుర్తుచేస్తుంది: ప్రకృతిని కాపాడే పని పుట్టుక వల్ల ఎవరి మీదా పడకూడదు. తెలుగులో భావిసమాజాన్ని ఊహించే రచయితలు తూము దగ్గర నిలబడే మనిషి ఎవరో, సాయంత్రం ఆ మనిషి ఏ ఇంటికి చేరుతాడో చెప్పగలిగితే ఈ సంప్రదాయానికి విలువైన చేర్పు అవుతుంది.